ఫ్రిజ్‌లో ఎంత చల్లదనం ఉండాలి?

మీ ఫ్రిజ్ నాబ్ ఇప్పుడు ఏ అంకె మీద ఉంది? లేచి వెళ్లి చూడకుండా చెప్పగలరా?

చాలా ఇళ్లలో ఆ అంకె, ఫ్రిజ్ కొన్న రోజున షాపు కుర్రాడు తిప్పి వెళ్లినదే. ఆ తర్వాత ఎన్ని ఎండాకాలాలు వచ్చిపోయినా దాన్నెవరూ ముట్టుకోరు. పాలు విరిగితే పాల ప్యాకెట్‌ను తిడతాం. దోసెల పిండి రెండో రోజుకే పుల్లగా అయిపోతే మినప్పప్పును అనుమానిస్తాం. కొత్తిమీర గడ్డకట్టి నల్లబడితే కూరగాయలవాడిదే తప్పంటాం. ఈ మూడింటికీ కారణం ఆ నాబ్ దగ్గరే ఉండొచ్చు.

నాబ్ విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. దాని మీద 1 నుంచి 5 వరకో, 7 వరకో అంకెలుంటాయి. 4 మీద పెడితే లోపల 4 డిగ్రీలున్నట్టేనని చాలామంది నమ్మకం. కాదండీ, అవి డిగ్రీలు కావు. ఫ్యాన్ రెగ్యులేటర్ మీది అంకెల్లాంటివే. సాధారణంగా అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది మీ ఫ్రిజ్ మోడల్‌ను బట్టి, వంటింటి వేడిని బట్టి, లోపల కుక్కిన గిన్నెలను బట్టి ఉంటుంది. పక్కింటివాళ్ల ఫ్రిజ్ 3 మీద బ్రహ్మాండంగా పనిచేస్తోందని మీరూ 3 మీదే పెట్టుకుంటే ఏం లాభం?

ఈమధ్య ఇంకో తికమక కూడా వచ్చింది. ఏసీ రిమోట్‌లో అంకె తగ్గిస్తే చల్లబడుతుంది కదా. ఆ అలవాటుతో మే నెలలో ఫ్రిజ్ నాబ్‌ను కూడా 4 నుంచి 1కి తిప్పేస్తారు. "ఎంత తగ్గించినా చల్లబడటం లేదు" అని మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. అందుకే తిప్పే ముందు మీ నాబ్ పక్కన ఏం రాసుందో ఒకసారి చదవండి.

గుర్తుంచుకోవాల్సినవి రెండే అంకెలు

అరలుండే భాగంలో 4 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకంటే కొద్దిగా తక్కువ. ఫ్రీజర్‌లో మైనస్ 18. ఈ రెండూ ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించేయండి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు ఇక్కడో మాట. అక్కడి ఫ్రిజ్‌ల మీద అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. 37 అని కనబడితే "అయ్యో, ఇంత వేడిగా ఉందేమిటి" అని కంగారుపడి తగ్గించకండి. అది మన లెక్కలో దాదాపు 3 డిగ్రీలే. అక్కడ 40 దాటకూడదు, ఫ్రీజర్ 0 దగ్గర ఉండాలి.

4 డిగ్రీలే ఎందుకు? 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. వండిన పదార్థం ఆ మధ్యలో ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. చల్లదనం వాటిని చంపదు, పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. ఫ్రీజర్ కూడా చంపదు, ఆపి ఉంచుతుంది. లిస్టీరియా అనే బ్యాక్టీరియా అయితే ఫ్రిజ్ చలిలో కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. గర్భిణులకు, ముసలివాళ్లకు అది చాలా ప్రమాదం. కాబట్టి ఫ్రిజ్ సరిగ్గా 4 డిగ్రీల దగ్గరున్నా, వండిన కూర మూడు నాలుగు రోజులకు మించి ఉంచకండి.

"వాసన చూశాను, బాగానే ఉంది" అనే మాట ప్రతి ఇంట్లో వినబడుతుంది. కూరను కంపు కొట్టించే సూక్ష్మజీవులు వేరు, మనిషిని మంచం పట్టించేవి వేరు. రెండో రకం ఉన్నా వాసన మారకపోవచ్చు, రుచి మారకపోవచ్చు. ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే ముక్కును నమ్ముకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ముందు కొలవండి, తర్వాత తిప్పండి

ఫ్రిజ్ థర్మామీటర్ అని అడిగితే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఒక సినిమాకు ఇంటిల్లిపాదీ వెళ్తే అయ్యే ఖర్చుకంటే తక్కువే. జ్వరం చూసే థర్మామీటర్ మాత్రం పెట్టకండి. దాని గీతలు 35 డిగ్రీల దగ్గర మొదలవుతాయి, ఫ్రిజ్‌లో అదేమీ చెప్పలేదు. పైగా పాతకాలపు పాదరసం గొట్టం పగిలిందంటే తిండి వస్తువుల మధ్య అదో పెద్ద ప్రమాదం.

1. కొత్త థర్మామీటర్ సరిగ్గా చూపిస్తోందో లేదో ముందు తేల్చుకోండి. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, కొద్దిగా నీళ్లు పోసి, థర్మామీటర్ మొన ముంచి నాలుగైదు నిమిషాలు ఆగండి. 0 దగ్గర నిలిస్తే సరే. 2 చూపిస్తే, ఇకమీదట అది చెప్పే ప్రతి అంకెలోంచి 2 తీసేయండి.

2. ఒక గ్లాసు నీళ్లలో దాన్ని ఉంచి ఫ్రిజ్ మధ్య అరలో, మధ్యలో పెట్టండి. ఊరికే అరలో పెడితే ఎందుకు కుదరదు? తలుపు తీసిన ప్రతిసారీ లోపలి గాలి వేడెక్కుతుంది, అంకె ఎగిరిపడుతుంది. గ్లాసులోని నీళ్లు అంత తొందరగా మారవు, మీ కూర కూడా మారదు. మనకు కావాల్సింది కూర ఎంత చల్లగా ఉందన్నదే.

3. రాత్రి పడుకోబోయే ముందు పెట్టి, పొద్దున్న పాల కోసం తలుపు తీసిన మొదటిసారే చూడండి.

4. ఫ్రీజర్‌లో నీళ్ల గ్లాసు పెడితే గడ్డకడుతుంది కదా. అక్కడ థర్మామీటర్‌ను గడ్డకట్టిన బఠాణీల ప్యాకెట్ల మధ్యో, చేపల డబ్బాల మధ్యో దూర్చి రాత్రంతా వదిలేయండి.

5. అంకె 4 కంటే ఎక్కువుంటే నాబ్‌ను ఒక్క అంకె పెంచండి. 1 కంటే కిందికి దిగి దోసకాయలు గడ్డకడుతుంటే ఒక్క అంకె తగ్గించండి. తర్వాత ఒక రోజంతా దాన్ని ముట్టుకోవద్దు. మర్నాడు మళ్లీ కొలిచి చూడండి.

చాలామంది తడబడేది ఈ ఐదో మెట్టు దగ్గరే. సాయంత్రం 3 నుంచి 6కి తిప్పుతారు, గంటలో చల్లబడలేదని 7కి తెస్తారు. రెండు రోజులకు పెరుగు గడ్డకడుతుంది. "అమ్మో, కరెంటు బిల్లు" అని మళ్లీ 2కి దించేస్తారు. అలా పైకీ కిందికీ తిప్పుతూ ఉంటే సరైన చోటు ఎప్పుడు దొరుకుతుంది? ఒక అంకె, ఒక రోజు. ఈ ఓపిక ఉంటే వారం తిరక్కుండానే మీ ఫ్రిజ్‌కు నప్పే అంకె తేలిపోతుంది.

తేలిన అంకె ఏడాది పొడవునా పనికిరాదు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం వంటగది ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. సంక్రాంతికి సరిపోయిన అంకె ఆ ఎండలకు ఆగదు. మార్చి చివర ఒకసారి, వానలు మొదలయ్యాక ఒకసారి, చలి పడ్డాక ఒకసారి కొలవండి. ఇంకో సంగతి. ఫ్రిజ్ లోపలో వెనకో అంటించిన లేబుల్ మీద క్లైమేట్ క్లాస్ అని ఉంటుంది. అక్కడ ఎన్ అని ఉంటే బయట 32 డిగ్రీల వరకు, ఎస్‌టీ అని ఉంటే 38 వరకు, టీ అని ఉంటే 43 వరకు తట్టుకునేలా తయారుచేసిందని అర్థం. కొత్తది కొనేటప్పుడు స్టార్లతో పాటు ఈ అక్షరం కూడా చూడండి. మన ఎండలకు టీ ఉండాల్సిందే.

డబుల్ డోర్ వాళ్లు పడే చిక్కు

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఒకటే నాబ్, గొడవ లేదు. డబుల్ డోర్‌లో చాలా మోడళ్లకు రెండుంటాయి: ఒకటి కింద, ఇంకొకటి ఫ్రీజర్‌లో. వేసవిలో ఐసు తొందరగా గడ్డకట్టాలని పిల్లలు ఫ్రీజర్ నాబ్‌ను చివరిదాకా తిప్పేస్తారు. సరిగ్గా అప్పట్నుంచే కింద పాలు విరగడం మొదలవుతుంది. ఎందుకంటారా? ఇలాంటి ఫ్రిజ్‌లలో చల్లగాలి తయారయ్యేది పైన ఫ్రీజర్ వెనక. అక్కడి నుంచే ఫ్యాన్ కిందికి తోస్తుంది. చాలా మోడళ్లలో ఫ్రీజర్ నాబ్ చేసే పనల్లా ఆ గాలిలో పైకెంత, కిందికెంత అని పంచడం. పైన మొత్తం ఉంచేసుకుంటే కిందికి వచ్చేది తగ్గుతుంది. కింద చల్లదనం చాలకపోతే ముందుగా ఫ్రీజర్ నాబ్‌ను మధ్యకు తెచ్చి, ఒక రోజు ఆగి చూడండి. ఒక్కోసారి ఇంకేమీ చేయక్కర్లేదు.

డిస్‌ప్లే ఉన్న కొత్త ఫ్రిజ్‌లకు ఈ గొడవ తక్కువ. అందులో కనబడేవి డిగ్రీలే. కిందికి 3, ఫ్రీజర్‌కు మైనస్ 18 పెట్టండి. అయినా అది చూపిస్తున్నది మనం అడిగిన డిగ్రీలా, లోపల నిజంగా ఉన్నవా అన్నది గ్లాసు పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఏది ఎక్కడ పెట్టాలి?

ఫ్రిజ్ అంతా ఒకే చల్లదనం ఉండదు. తలుపు అరలు అన్నిటికంటే వెచ్చన, ఎందుకంటే తీసిన ప్రతిసారీ బయటికొచ్చేవి అవే. మనం మాత్రం పాలనూ గుడ్లనూ అక్కడే పెడతాం. తలుపుకు గుడ్ల గుంటలు కంపెనీవాళ్లే ఇచ్చారు కదా అంటారు. నిజమే, ఇచ్చారు. అయినా గుడ్లు డబ్బాలో సర్ది లోపలి అరలో పెట్టండి, పాలు కూడా లోపలికి జరపండి. తలుపులో సాస్ సీసాలు, నీళ్ల బాటిళ్లు, జామ్ పెట్టుకోండి.

సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ కింద ఉండే ట్రే బాగా చల్లగా ఉంటుంది. పచ్చి చికెన్, చేపలు ఫ్రీజర్‌లో పెట్టనప్పుడు ఆ ట్రేలో ఉంచి ఒకటి రెండు రోజుల్లో వండేయాలి. అది పై అర కాబట్టి కవర్‌తో పెడితే నీరు కారి కింద ఉన్న పెరుగు గిన్నెలో పడుతుంది. గట్టిగా మూతపడే స్టీలు డబ్బా తప్పనిసరి. డబుల్ డోర్‌లో పచ్చి మాంసాన్ని కూరగాయల ట్రేకు పైనున్న కింది అరలో, అదే మూత డబ్బాలో పెట్టండి.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ దాచుకుంటే ఈ భాగం మళ్లీ చదవండి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిందంటే కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా దాన్ని వాడకూడదు. ఫ్రీజర్ కింది ట్రేలో, వెనక గోడకు ఆనించి, చల్లగాలి వచ్చే రంధ్రం ముందు పెట్టొద్దు. మధ్య అరలో, ముందువైపు, చిన్న డబ్బాలో పెట్టండి. నాబ్‌ను చివరి అంకెకు తిప్పేవాళ్లు ఇది తప్పకుండా ఆలోచించాలి.

వేడి గిన్నె పెట్టొచ్చా?

"అత్తయ్యా, పప్పుచారు ఇంకా వెచ్చగానే ఉంది, ఫ్రిజ్‌లో పెట్టేయనా?"

"వద్దమ్మా, బాగా చల్లారనీ. వేడిది పెడితే ఫ్రిజ్ పాడవుతుంది. పొద్దున్నే పెడుదువుగాని."

ఈ సంభాషణ జరగని ఇల్లుంటుందా? అత్తగారి మాటలో సగం సరైనదే. పొగలు కక్కే పెద్ద గిన్నెను తిన్నగా లోపల పెడితే పక్కనున్న పాలు, పెరుగు కూడా వెచ్చబడతాయి. కానీ రాత్రంతా గట్టు మీద వదిలేయడం అంతకంటే చెడ్డది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆహార భద్రత గురించి అయిదు సూత్రాలతో ఒక పోస్టర్ తెచ్చింది. వండిన పదార్థాన్ని గది వేడిలో 2 గంటలకు మించి ఉంచొద్దని అందులోనే ఉంది. మన ఎండాకాలపు వంటింట్లో, అంటే 32 డిగ్రీలు దాటితే, గంటే లెక్కపెట్టుకోండి.

మరి తొందరగా చల్లార్చేదెలా? పప్పుచారును రెండు మూడు చిన్న గిన్నెల్లోకి పంచండి. పెద్ద బేసిన్‌లో చన్నీళ్లు పోసి గిన్నెలను అందులో కూర్చోబెట్టి, గరిటెతో అప్పుడప్పుడూ కలపండి. అరగంటలో గిన్నె అడుగు చేతికి గోరువెచ్చగా తగులుతుంది. అంతే, మూతపెట్టి ఫ్రిజ్‌లోకి. పూర్తిగా చల్లబడేదాకా ఆగక్కర్లేదు. మిగతా చల్లార్చడం ఫ్రిజ్ చూసుకుంటుంది.

అన్నం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, మనం తినేది ఎక్కువ అదే కాబట్టి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తుల్లాంటి రూపంలో ఉండొచ్చు. అన్నం ఉడికినా అవన్నీ చావకపోవచ్చు. గోరువెచ్చగా ఉన్న అన్నంలో గంటలతరబడి ఉంటే మేలుకుని పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ విషాల్లో వాంతులు చేయించే రకం ఉంది. పొద్దున్నే ఆ అన్నాన్ని పోపు పెట్టి పులిహోర చేసినా, బాండీలో ఎర్రగా వేయించినా అది విరగదు. మళ్లీ వేడిచేస్తే అన్నీ చస్తాయన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. రాత్రి మిగిలిన అన్నాన్ని కుక్కర్‌లోనే మూతపెట్టి వదలకండి. తాంబాలంలో పలచగా ఆరబోసి, ఆవిరి పోగానే డబ్బాలోకెత్తి లోపల పెట్టండి. మర్నాడే తినేయండి.

తీసిన కూరను మళ్లీ వేడిచేసేటప్పుడు గోరువెచ్చగా కాదు, కుతకుతలాడేలా చేయండి. ఎంత తింటారో అంతే విడిగా తీసి వేడిచేయండి. గిన్నె మొత్తాన్ని రోజూ పొయ్యి మీదికీ ఫ్రిజ్‌లోకీ తిప్పడం మంచి అలవాటు కాదు.

అంకె పెంచినా చల్లబడకపోతే

మెకానిక్‌ను పిలిచే ముందు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి.

తలుపు రబ్బరు. పది రూపాయల నోటును తలుపు మధ్యలో ఉంచి మూసి, లాగి చూడండి. బిగుతుగా వస్తే రబ్బరు బాగున్నట్టు. జారిపోతే అక్కడ చల్లదనం కారిపోతోందన్నమాట. చాలాసార్లు రబ్బరు మడతల్లో పేరుకున్న జిడ్డే కారణం. సబ్బునీళ్లలో గుడ్డ తడిపి తుడవండి. అయినా జారుతుంటే రబ్బరు మార్పించాలి.

గోడకు ఆనుకుని ఉందా? లోపలి వేడిని ఫ్రిజ్ బయటికి వదలాలి. దానికి వెనకా పక్కలా నాలుగు వేళ్లంత ఖాళీ అయినా కావాలి. పొయ్యి పక్కనో ఎండ పడే కిటికీ ఎదురుగానో ఉంటే వీలైతే జరపండి.

లోపల కిక్కిరిసి ఉందా? పండగ మర్నాడు చూడండి, గిన్నె మీద గిన్నె. గాలి తిరగడానికి దారుండదు. చల్లగాలి రంధ్రాల ముందు ఏమీ లేకుండా చూడండి. ఆవకాయ జాడీకి ఫ్రిజ్‌తో పనే లేదు, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ బయటే ఉండాలి. ఇవి తీసేస్తేనే చాలా చోటు దొరుకుతుంది.

సింగిల్ డోర్ ఫ్రీజర్‌లో ఐసు వేలెడు మందాన పేరుకుంటే చల్లదనం కిందికి రాదు. నాబ్ మధ్యలో ఉండే డీఫ్రాస్ట్ బటన్ నొక్కి కరగనివ్వండి. ఈలోపు పాలూ చేపలూ ఐసుతో పాటు మూత ఉన్న డబ్బాలోకో, పక్కింటి ఫ్రిజ్‌లోకో పంపండి. ఐసును చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడవకండి. ఆ గోడ వెనకే గ్యాసు గొట్టాలుంటాయి, చిల్లు పడితే ఖర్చు వేలల్లో ఉంటుంది.

ఇవన్నీ చూసుకున్నాక కూడా గ్లాసులో అంకె 4కి రాకపోతే అప్పుడు మెకానిక్. "చల్లబడటం లేదు" అని మాత్రమే చెప్పకండి. "రాత్రి నీళ్లలో పెట్టి చూస్తే 9 ఉంది, నాబ్ 5 మీదుంది" అని చెప్పండి. ఎక్కడ వెతకాలో అతనికి వెంటనే తెలుస్తుంది.

కరెంటు పోయినప్పుడు

తలుపు తీయకుండా ఉంటే కింది భాగం 4 గంటల వరకు పరవాలేదు. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు ఆగుతుంది. అందుకే గాలివాన వస్తుందని తెలిసినప్పుడు ఫ్రీజర్‌లో ఖాళీగా ఉన్న చోట నీళ్ల సీసాలు కాస్త వెలితిగా నింపి పెట్టేయండి. గడ్డకట్టాక అవే చల్లదనాన్ని నిలబెడతాయి. కరెంటు పోయాక "ఇంకా చల్లగా ఉందా" అని పదేపదే తలుపు తీసి చూడటమే అసలు చేటు.

పండక్కి ఊరెళ్లి వచ్చేసరికి వెనక ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? వెళ్లే ముందు చిన్న కప్పులో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో గడ్డకట్టనివ్వండి, దాని మీద ఒక రూపాయి బిళ్ల పెట్టండి. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే ఏ గొడవా లేదు. ఐసు గడ్డకట్టే ఉండి బిళ్ల మాత్రం అడుగున కనిపిస్తే, మీరు లేనప్పుడు ఫ్రీజర్ మొత్తం కరిగి మళ్లీ బిగిసిందన్నమాట. అందులోని చికెన్, చేపలు, రొయ్యలు, వండి దాచిన కూరలు రాయిలా గట్టిగా ఉన్నా సరే పారేయండి. కింది అరల్లో పాలు, పెరుగు, దోసెల పిండి, కోసిన పండ్లు కూడా అంతే. ఆవకాయ, నెయ్యి, కోయని కూరగాయలు వాడుకోవచ్చు.